గ్రాఫ్‌లో లేని గుట్ట

జూలై 9, బుధవారం

గుట్ట లేదు.

ముందు నా ప్రోగ్రామ్‌లోనే ఏదో తప్పుందనుకున్నాను. మొదటినుంచీ మళ్ళీ రాశాను. అప్పుడూ లేదు. ఇక ప్రయోగాలు చేసినవాళ్ళ అసలు పేపర్లన్నీ తీసి, పట్టికల కింద చిన్న అక్షరాల్లో ఉన్నవి కూడా చదివాను. అక్కడ దొరికింది. కొన్ని ఎనర్జీల దగ్గర ప్రోటాన్ల లెక్కలో, లాంబ్డా కణాలు దూరంగా పోయి విరిగినప్పుడు పుట్టిన ప్రోటాన్లు కూడా కలిసిపోయి ఉన్నాయి. మధ్యలో కొన్ని ఎనర్జీల దగ్గర వాటిని తీసేశారు. మా గ్రూపు పేపర్లో ఈ రెండు రకాల లెక్కల్నీ ఒకే గీత మీద పెట్టేశారు. ప్రోటాన్ల సంఖ్యతో భాగించి గీసిన గీత అది, అందుకే మధ్యలో గుట్టలా లేచింది. అన్నిచోట్లా ఒకేలా తీసేసి చూస్తే చాపలా పరుచుకుంది.

మా గైడ్ సుధీంద్ర సార్ ఏ ఊళ్ళో మాట్లాడినా ఆ గ్రాఫ్ దగ్గర ఆగి ఒక గుక్క మంచినీళ్ళు తాగుతారు, హాలంతా ఆ గుట్టను తీరిగ్గా చూడాలని. "ఇక్కడ పదార్థం తన స్థితి మార్చుకుంటోంది కావచ్చు" అంటారు. ఆ 'కావచ్చు'లో ఎంత ధీమా! ల్యాబ్‌కి వచ్చిన పేరు, కొత్త ప్రాజెక్టు, నా ఫెలోషిప్, అన్నీ ఆ గుట్ట మీదే కూచున్నాయి.

రేపు చెబుతాను. సంతోషిస్తారు. నిజం దొరికితే ఎవరికైనా సంతోషమేగా.

జూలై 10

సార్ బిజీ.

జూలై 11, శుక్రవారం

వాన. ఢిల్లీ వానంటే ఇంతే, మా కటవారియా సరాయ్ గల్లీలన్నీ మోకాలి లోతు నీళ్ళు. ల్యాబ్‌కి వెళ్ళలేదు. నవ్యశ్రీ కూడా లైబ్రరీకి వెళ్ళలేక గదిలోనే కూచుని పాలిటీ చదువుతోంది. కరీంనగర్ నుంచి వచ్చి సివిల్స్ కోసం ఈ గదిలో నాతో పాటు మగ్గుతున్న మనిషి.

"ఏందే, ముఖం గట్ల పెట్టినవ్?" అంది.

చెప్పాను. "నాకు సమజయ్యేటట్టు చెప్పరాదు" అంది.

"రాజీవ్ చౌక్ మెట్రో, సాయంత్రం రష్ అనుకో. ఆ తొక్కిడిలో ఇద్దరు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడవగలరా?"

"చెయ్యా? నా బ్యాగే నా దగ్గర ఉండది."

"అదే. రెండు బంగారు కేంద్రకాలు ఢీకొంటే అలాంటి తొక్కిడి. సూర్యుడి నడిమధ్య కన్నా లక్ష రెట్లు వేడి. ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ చెయ్యి పట్టుకుంటే డ్యూటెరాన్ అంటాం. ఆ పట్టు చాలా వదులు, ఆ వేడిలో క్షణం కూడా నిలవదు. అయినా బయట డిటెక్టర్లో డ్యూటెరాన్లు కనపడుతున్నాయి. ఎలా?"

నవ్య పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచించింది. "గేటు దాటినంక పట్టుకుంటరేమో. జనం పల్చబడ్డంక."

మొన్నటిదాకా మా సెమినార్లలో కొట్టుకున్నది ఈ మాట మీదే! "మా మోడల్ అదే. గేటు దగ్గర పక్కపక్కన, ఒకే వేగంతో, ఒకే దిక్కుకి నడుస్తున్న ఇద్దరికే జత కుదురుతుంది. బయటికొచ్చిన జనం ఎందరు, అందులో జతలెన్ని అని లెక్కపెడతాం. అయితే కొన్ని రోజుల లెక్కలో, ఎక్కడినుంచో ఆటోలో వచ్చి రోడ్డు మీద దిగినవాళ్ళని కూడా జనంలో కలిపేశారు. వాళ్ళు స్టేషన్లోనే లేరు, ఇంక జత ఎక్కడ? జనం ఎక్కువ, జతలు తక్కువ అనిపిస్తుంది. కొన్ని రోజుల్లో వాళ్ళని కలపలేదు. ఆ రోజుల్లో జతలు ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. 'ఆహా, ఈ రోజుల్లో ఏదో వింత జరుగుతోంది' అని పేపర్ రాసేశారు."

నవ్య పడీపడీ నవ్వింది. "గింతదానికి గంత పేరొచ్చిందా మీ సార్‌కు? ఎవ్వలు చూడలేదా ఇన్నేండ్లు?"

నాకు నవ్వు రాలేదు. అవును, ఎవరూ ఎందుకు చూడలేదు?

జూలై 14, సోమవారం

చెప్పాను.

సార్ తెలుగులో మాట్లాడితే ఏదో కావాలన్నమాట. ఇంగ్లీషులోకి మారితే ఇక లేచి వెళ్ళమన్నమాట. ఇవాళ రెండూ పది నిమిషాల్లో జరిగాయి.

"చూడుమ్మా రేవతీ, మంచి పనే చేశావు. కానీ సెప్టెంబర్లో ప్రాజెక్టు రివ్యూ కమిటీ వస్తావుంది. అంతవరకూ దీన్ని పక్కన పెట్టు. నీ థీసిస్‌కు ఇది అవసరమే లేదు."

"సార్, కానీ పేపర్లో తప్పుంది కదా."

అంతే. ఇంగ్లీషు. తప్పు అనేది చాలా పెద్ద మాట అట. ఎవరి పద్ధతి వాళ్ళదట. తలుపు వేసి వెళ్ళమన్నారు.

నేనిచ్చిన రెండు గ్రాఫుల్లో రెండోదాన్ని తిప్పి కూడా చూడలేదు.

జూలై 22

నాకు సార్ మీద కోపం లేదు. తప్పు మీదే కోపం.

ఆగస్టు 3, ఆదివారం

కంటోన్మెంట్‌లో ఇంటికి వెళ్ళొచ్చాను. అమ్మ చూడగానే "ఏటే అలగైపోయావు, తిండి తినట్లేదా?" అని మొదలుపెట్టింది. తమ్ముడు దీపుగాడు ఫోన్లోంచి తల ఎత్తకుండా "దీదీ కో టెన్షన్ హై" అన్నాడు. తెలుగులో అడిగితే హిందీలో జవాబు, వాడి పద్ధతి వాడిది.

నాన్న వరండాలో బూట్లు పాలిష్ చేసుకుంటూ అంతా విన్నాడు. సుబేదార్ వీరరాఘవులు గారు మధ్యలో మాట్లాడరు. బ్రష్ పక్కన పెట్టాకే మాట్లాడతారు.

"మీ సారు తప్పు సేసాడా, తప్పు జరిగిందా?"

"జరిగింది నాన్నా. కానీ తెలిశాక కూడా ఊరుకుంటే చేసినట్టే కదా."

"మరైతే మళ్ళీ సెప్పు. మెయిల్ పెట్టు. కావాలంటే ఆయన పైనున్నోళ్ళకీ పెట్టు. నలుగురి ముందర మాత్రం అనకు. అక్కడ అన్నావంటే ఆయన తప్పు సంగతి ఒగ్గేసి నీ సంగతి సూస్తాడు."

"ఇది మిలట్రీ కాదు నాన్నా. సైన్సు. ఇక్కడ ర్యాంకులుండవు."

నాన్న బ్రష్ మళ్ళీ అందుకున్నాడు. రెండో బూటు తీసుకున్నాడు.

మెయిల్ పెట్టాను. సార్‌కే.

ఆగస్టు 11

జవాబు లేదు.

ఆగస్టు 19, మంగళవారం

రివ్యూకి నా పోస్టర్లో పాత గ్రాఫ్ పెట్టమన్నారు. గుట్టతో సహా. నేను అది తీసేసి, మోడల్ గురించి మాత్రమే రాసి పంపాను. పిలిచారు. గ్రాఫ్ ఏదన్నారు.

"అది నా పేరు మీద పెట్టలేను సార్."

ల్యాబ్‌లో అందరూ ఉన్నారు. ఎవరి స్క్రీన్ వాళ్ళు చూసుకుంటున్నారు.

"అయితే నీ పేరు తీసేద్దాం" అన్నాడు.

అవును, 'అన్నాడు' అనే రాస్తాను. నా డైరీ.

నా మోడల్, నా ప్రోగ్రామ్, ఆరు నెలల నా లెక్కలు, అన్నీ ఆ పోస్టర్లోనే ఉన్నాయి. పేరు ఒక్కటి లేదు. గుట్ట తిరిగొచ్చింది. పక్కవాళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నోరెత్తలేదు. మధ్యాహ్నం క్యాంటీన్లో మాత్రం అందరూ నా ప్లేటు పక్కనే కూచున్నారు, ఓదార్పుగా. ప్లేటు తీసుకుని లేచిపోయాను.

సెప్టెంబర్ 2, మంగళవారం

బయటపడింది! నా వల్ల కాదు. విదేశాల్లో ఒక గ్రూపు నిన్న ఒక పేపర్ పెట్టింది. మా గుట్ట తమ లెక్కల్లో రావడం లేదట, ఎందుకో అర్థం కావడం లేదట. ఎంత మర్యాదగా రాశారో.

పదకొండింటికి సార్ నుంచి పిలుపు. టీ తెప్పించాడు. తెలుగు.

"నువ్వు ముందే పట్టేశావు కదమ్మా. వాళ్ళు చెప్పేలోపల మనమే చెప్పుకుంటే గౌరవంగా ఉంటుంది. పాత పేపర్‌కు కరెక్షన్ వేస్తాము. దాంతోపాటు కొత్త పేపర్ ఒకటి. దాంట్లో మొదటి పేరు నీదే."

నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను: ఆ మాట వినగానే రెండు నెలల కోపం ఎటు పోయిందో తెలియలేదు. టీ కూడా బాగుంది. థాంక్యూ సార్ అన్నాను.

తర్వాత కరెక్షన్ డ్రాఫ్ట్ చూపించాడు. రెండో వాక్యం: అప్పట్లో డేటా సేకరించిన రీసెర్చ్ స్టూడెంట్ పొరపాటు వల్ల ఇలా జరిగింది.

"పాత పేపర్ మీద మీ పేరుకు ముందున్న హేమసుందర్ గారా సార్?"

"అవును. నీకంటే కొన్ని బ్యాచ్‌ల ముందువాడు. ఫరీదాబాద్‌లో ఏదో ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటా ఉన్నాడు. ఈ వాక్యంలో పేరు రాయలేదులే. అతనికి పోయేది కూడా ఏమీ లేదు."

ఏమీ లేదట! ఇన్నేళ్ళూ ఆ గుట్ట చూపించి నీళ్ళు తాగింది ఎవరు? అప్పుడు గుట్ట సార్‌ది. ఇప్పుడు గుట్ట స్టూడెంట్‌ది.

సెప్టెంబర్ 7, ఆదివారం

ఫరీదాబాద్ వెళ్ళాను. కాల్కాజీలో మెట్రో మారి, బాటా చౌక్‌లో దిగి, ఈ-రిక్షాలో వాళ్ళ సెక్టార్ దాకా. ఫోన్ చేస్తే "రండి, భోజనానికే రండి" అన్నారు హేమసుందర్ గారు. కాన్ఫరెన్స్‌లో ఒకసారి దూరం నుంచి చూశానంతే.

అమలాపురం వైపు మనిషి. అప్పుడే కాస్త బట్టతల. డైనింగ్ టేబుల్ మీద దిద్దాల్సిన ఆన్సర్ షీట్ల కట్టలు. ఆయన భార్య హైమవతి గారు వాటిని మంచం మీదికి మార్చి కంచాలు పెట్టారు. పప్పుచారు, వంకాయ వేపుడు. వాళ్ళ పాప తేజశ్రీ "ఆంటీ, ఆప్ భీ టీచర్ హో?" అంది, నేనూ నాన్నలాగే టీచర్ననుకుని.

భోంచేశాక చెప్పాను. డ్రాఫ్ట్‌లోని ఆ వాక్యం ఫోన్లో చూపించాను. ఆయన చదివి ఫోన్ బోర్లా పెట్టారు.

"ఆ పట్టికలు తెచ్చింది నేనేనండి. అది నిజమే."

"మీకు అనుమానం రాలేదా?"

ఆయన నీళ్ళ గ్లాసు పక్కకి జరిపారు. "వచ్చింది. కొన్నింట్లో లాంబ్డావి తీసేశారో లేదో తెలియట్లేదు సార్ అని అడిగాను. 'ఎక్స్‌పెరిమెంట్ వాళ్ళు ఎప్పుడూ తీసేస్తారయ్యా, టైం వేస్ట్ చెయ్యకు' అన్నారు. నేనూ సరే అనుకున్నాను. వెళ్ళి చదువుకోవాల్సింది. చదవలేదు."

"మరి ఈ మాట ఇప్పుడు చెప్పరా?"

"దేనికండి? పేపర్ తప్పు, దిద్దుతున్నారు, మంచిదే. ఇక్కడ పిల్లలు నా క్లాసంటే వస్తారు. ఆ ల్యాబ్ సంగతి ఎవరికీ తెలీదు. ఇదంతా మన మధ్యే ఉండాలి, ఏవండీ?"

హైమవతి గారు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. "ఆ రోజుల్లో ఆయన నిద్రపోయేవారు కాదమ్మా" అన్నారు. "మళ్ళీ వద్దు."

సరేనన్నాను.

తిరుగు మెట్రోలో ఒళ్ళు మండిపోయింది. ఇలా ఊరుకునే మంచివాళ్ళు ఉండబట్టే సార్ లాంటివాళ్ళ ఆటలు సాగుతున్నాయి. పప్పుచారు పెట్టి, మెల్లిగా మాట్లాడి, నిందంతా నెత్తిన పెట్టుకుని ఊరుకుంటారు. ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.

సెప్టెంబర్ 17, బుధవారం

మాట్లాడాను.

హాలు నిండిపోయింది. రివ్యూ కమిటీ ముందు వరసలో. సుధీంద్ర కరెక్షన్ గురించి తానే చెప్పుకున్నాడు, ఎంత హుందాగా! సైన్స్ తన తప్పు తానే దిద్దుకుంటుంది, అదే దాని గొప్పతనం అన్నాడు. నా గ్రాఫ్ చూపించాడు. తలలూగాయి. కమిటీ పెద్ద చెన్నకేశవులు గారు, రిటైరైన సైంటిస్టు, ఒకటే అడిగారు: "ఇంత చిన్న విషయం అప్పుడెలా తప్పిపోయింది?"

"అప్పటి స్టూడెంట్ ఒకతను సరిగా చూసుకోలేదు" అన్నాడు.

నేను లేచాను. లేవాలని అనుకోలేదు. లేచే ఉన్నాను.

"సార్, హేమసుందర్ గారు మిమ్మల్ని అడిగారు. లాంబ్డావి తీశారో లేదో తెలియట్లేదు అని అడిగారు. టైం వేస్ట్ చెయ్యకు అన్నది మీరు. నేను జూలైలో చెబితే పక్కన పెట్టమన్నదీ మీరే. ఆ పేపర్ మీద చివరన గైడ్‌గా ఉన్న పేరు మీది. పొగడ్తలప్పుడు మీదైన పేపర్ ఇప్పుడు స్టూడెంట్‌ది ఎలా అయింది?"

ఇంగ్లీషులోనే అన్నాను. ఆయన మొహం తెల్లబోయింది. చెన్నకేశవులు గారు కళ్ళజోడు తుడుచుకుని, నెక్స్ట్ స్లైడ్ అన్నారు.

హాయిగా ఉంది.

సెప్టెంబర్ 18

కారిడార్లో నలుగురు ఆపి, అటూ ఇటూ చూసి, "భలే అడిగావు" అని గుసగుసగా చెప్పారు. నిన్న హాల్లో వీళ్ళంతా ఎక్కడున్నారు? పిరికి సన్నాసులు.

సెప్టెంబర్ 20, శనివారం

హేమసుందర్ గారి ఫోన్. థాంక్స్ చెబుతారనుకుని ఎత్తాను.

"మన మధ్యే ఉండాలన్నాను కదండీ."

"మీ మీద నింద వేస్తుంటే ఊరుకోలేకపోయాను."

"సార్ నా పేరు అన్నారా?"

"స్టూడెంట్ అన్నారు."

"నా పేరు చెప్పింది మీరు. హాల్లో నా బ్యాచ్‌మేట్లు ఉన్నారు, అప్పుడే ఫోన్లు. నిన్న మా హెచ్‌ఓడీ పిలిచి, ఆ తప్పుడు పేపర్ మీదేనా అని అడిగారు. ఇంట్లో హైమ ఏడుస్తోంది."

"నేను మీకోసమే..."

"నా కోసమైతే నన్ను అడిగేవారు" అన్నారు. గొంతు పెంచలేదు. ఫోన్ పెట్టేశారు.

ఏం మనిషి! నోరులేనివాళ్ళ తరఫున మాట్లాడితే దక్కేది ఇదన్నమాట.

సెప్టెంబర్ 21

నేను అన్నదాంట్లో తప్పేముంది? జరిగిందే అన్నాను.

సెప్టెంబర్ 24

జరిగిందే అన్నాను.

అక్టోబర్ 6, సోమవారం

వేరే గైడ్‌ని చూసుకోమని ఇంగ్లీషులో మెయిల్. మర్యాదగానే ఉంది. కొత్త పేపర్ ఊసు ఎక్కడా లేదు. కారిడార్ చివరి గది మేడమ్ నన్ను తీసుకుంటానన్నారు. ఆవిడది ప్రయోగాల వైపు. "నీ మోడల్ నాకు సగమే అర్థమవుతుంది, కానీ డేటా పట్టికల కింద చదివే స్టూడెంట్ నాకు కావాలి" అన్నారు. ఈ ఏడాదిలో నాకు దక్కిన మంచి మాట ఇదొక్కటే.

సాయంత్రం నాన్న వచ్చాడు. యూనిఫాంలోనే, టిఫిన్ క్యారియర్‌తో. మేడ మీది గదికి మగవాళ్ళని రానివ్వరని గల్లీలో జిరాక్స్ షాపు ముందు నిలబడి మాట్లాడుకున్నాం. 'నేను ముందే చెప్పానా' అంటాడని, దానికి జవాబు సిద్ధం చేసుకున్నాను. అనలేదు. అంతా విని, "ఆ ఫరీదాబాద్ ఆయన్ని అడిగే అన్నావా?" అన్నాడు.

"నీకు తెలీదు నాన్నా."

"సరేలే. కూర వేడిగా ఉన్నప్పుడే తిను."

నాన్నకేం తెలుసు. నాన్నకి ఈ సంగతులేం తెలుసు.

నవ్య కూడా క్యారియర్ విప్పుతూ అదే అడిగింది. "ఆయన చెప్పొద్దన్నడు గదనే?" అని. నేను పడుకున్నట్టు నటించాను.

నవంబర్ 12, బుధవారం

కరెక్షన్ అచ్చయింది. బయట పొగమంచులో ఎదురు బిల్డింగ్ కూడా కనపడటం లేదు, గొంతు మండుతోంది, నాకు దానికన్నా ఎక్కువ మండుతోంది. తప్పు పట్టింది నేను. గ్రాఫ్ నాది. కింద కృతజ్ఞతల్లో కూడా నా పేరు లేదు. ఒక్క ముక్క లేదు! దర్జాగా హేమసుందర్, సుధీంద్ర అని పాత రెండు పేర్లే.

మళ్ళీ చదివాను. 'స్టూడెంట్' అన్న మాట లేదు. "మేము డేటా మూలాలను సరిచూసుకోలేదు. ఈ పొరపాటు మా ఇద్దరిదీ." అంతే ఉంది.

సుధీంద్ర అలా రాసే మనిషి కాదు. రాయించిందెవరు?

నవంబర్ 14, శుక్రవారం

రెండు రోజులు ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగి, ఇవాళ పొద్దున చేశాను.

"హేమసుందర్ గారూ, రేవతిని."

"ఊఁ. చెప్పండి."

"కరెక్షన్ చూశాను."

"సార్‌కి ఫోన్ చేశానండి. స్టూడెంట్ అని రాస్తే దాని మీద నా పేరుండదు, జర్నల్ వాళ్ళకి నేనే విడిగా రాస్తాను అన్నాను. 'మేము' అంటే ఉంటుందన్నాను. సాయంత్రానికి మార్చి పంపారు."

ఒక్క ఫోన్! నేను హాలంతా దద్దరిల్లేలా అరిచాను. ఉక్రోషం ఆగలేదు. "ఆ రోజు నేను అనకపోయి ఉంటే మీరు ఆ ఫోన్ చేసేవారా?" అన్నాను.

అటువైపు కుక్కర్ కూత వేసింది. పాప స్కూలు షూ కనపడటం లేదని హిందీలో గోల చేస్తోంది.

"చేసేవాణ్ణి కాదు" అన్నారు. మంచం కింద చూడమని పాపకి చెప్పి, "అయినా నన్ను అడగాల్సింది" అన్నారు.

దానికీ ఒక జవాబు ఉంది నా దగ్గర. సెప్టెంబర్ నుంచీ తయారుగానే ఉంది. తీరా నోరు తెరిస్తే రాలేదు.

"అవునండీ. అడగాల్సింది."

పెట్టేస్తారేమో అనిపించి తొందరగా అన్నాను: "నా పేపర్ నేనొక్కదాన్నే రాస్తున్నాను. లాంబ్డా ప్రశ్న మొదట అడిగింది మీరని అందులో రాయాలనుంది. రాయనా?"

"మా ఆవిణ్ణి అడిగి చెబుతాను."

మధ్యాహ్నం దాకా మిగతాదంతా రాశాను. సుధీంద్ర పాత పేపర్‌ని ప్రస్తావించకుండా కుదరదు కాబట్టి పళ్ళు నూరుకుంటూ అదీ పెట్టాను. చివర ఒక పంక్తి ఖాళీగా వదిలాను.

మూడింటికి మెసేజ్ వచ్చింది.

"రాయండి. అడిగినందుకు థాంక్స్."